నా నడుముకు మీ లెటర్ ఎందుకు

పోయిన వారం మిమ్ముల ఉప్పల్ మెట్రో స్తంభాల కింద మా ఆయన ఆటోల కూసోబెట్టి పోయిన. మరిచినోళ్ళకు, ఇయ్యాలనే సదువుడు షురూ జేసినోళ్ళకు నాలుగు ముక్కలు జెప్త. నా పేరు మల్లవ్వ. నలభై ఆరేండ్లు. నాచారంల మందు గోలీల కంపెనీల పద్నాలుగేండ్ల సంది ప్యాకింగ్ పని. రెండేండ్ల సంది నడుము నొప్పి. నడుము నొప్పని ఒక్కసారన్న సెలవు పెట్టినోళ్ళందరికి మా కంపెనోళ్ళు ఈ శనివారం పరీక్ష పెట్టిన్రు. ఇరవై కిలోల డబ్బాను నేల మీదికెల్లి ఎత్తి బల్ల మీద పెట్టాలె, పదిసార్లు. పెడితె నౌకరి ఉంటది. పెట్టకపోతె పోతది. అందుకే నాలుగు నెలల సంది మల్లాపూర్ల విజయశ్రీ మేడం షెడ్డుకు పోయి బరువులెత్తుడు నేర్సుకుంటున్న, ఇంట్ల జెప్పకుంట. మొన్న మా ఆయన బాలరాజు నన్ను గా షెడ్డుల నలభై కిలోల ఇనుముతోని జూసిండు. గా లొల్లి మీకెరికే. ఇయ్యాల బేస్తారం, నాకు వారం సెలవు. "పీర్జాదిగూడల సుట్టాలింటికి పోదాం దా" అని ఆటో ఎక్కించి, ఉప్పల్ల ఎముకలు టక్కుమనిపిచ్చే డాక్టర్ కాడ ఆపిండు.

ఆపినంక ఇంజన్ బందు జేసి, నా దిక్కు జూడకుంట అద్దం తుడుసుడు వెట్టిండు. ఇరవై మూడేండ్ల కాపురం. తప్పు జేసినప్పుడల్ల గీ మనిషి ఏదో ఒకటి తుడుస్తడు.

"సుట్టాలిల్లు గిదేనా?" అన్న.

"జర లోపటికి రా. ఒక్కసారి సారుకు సూపించుకో. గంతే. తర్వాత నీ ఇష్టం."

"నా ఇష్టం నీకు ముందుగాలనే ఎరుక. అందుకే గద అబద్ధం జెప్పి తెచ్చినవ్."

"నీ కాళ్ళు మొక్కుత, రావే."

మొగడు నడిరోడ్డు మీద కాళ్ళు మొక్కుత అంటె ఏం జేస్తం. దిగిన.

టిఫిన్ సెంటర్ మీద మొదటి అంతస్తుల ఉన్నది దుకాణం. దుకాణమే అంట, దవాఖాన అనబుద్ధి గాదు నాకు. గోడకు ఎన్నుపూస బొమ్మ, ఓ మూలకు నీళ్ళ క్యాన్లు, నడుమ అద్దం తలుపు. తలుపు అవతల బల్ల. బల్ల మీద ఎవరు పండుకున్నా బయట కూసున్నోళ్ళకు మంచిగనే కనవడ్తది, కనవడాలెననే గట్ల వెట్టిన్రు. టీవీల ఆయన వీడియోలే నడుస్తున్నయ్. ఒకని మెడ వట్టుకొని ఇటు తిప్పి అటు తిప్పుతడు, టక్కుమంటది, వాడు నవ్వుతడు. కూసున్నోళ్ళు ఏడెనిమిది మంది నోరు తెరుసుకొని జూస్తున్నరు. గా సప్పుడుకే సగం మంది వస్తరు గీడికి, రాసియ్యమంటె రాసిస్త.

గాళ్ళల్ల మా గల్లీ సాలమ్మత్త గూడ ఉన్నది. అరవై దాటింది. నన్ను జూసి ఆమె గొంతు లేసింది.

"మల్లవ్వా, నువ్వేందే గీడ?" అన్నది. అని ఊకున్నదా, పక్కనున్నోళ్ళకు జెప్పుడు వెట్టింది. "గీమె ఎవలనుకున్నరు? ఎదురుకాళ్ళతోని పుట్టింది. మా గల్లీల ఎవలకు నడుము పట్టినా గీమె ఇంటికే పోతరు. పొద్దుగాల మొకం కడుగకముందు పోయి బోర్ల పండుకుంటె ఎడమ కాలుతోని మూడుమాట్ల తంతది. లేసి నడుసుకుంట వస్తం."

నిజమే. మా అవ్వ కడుపుల నుంచి నేను కాళ్ళు ముందు వెట్టి వచ్చిన. ఏడేండ్ల పిల్లప్పటి సంది మంది నా ముంగట బోర్ల పండుకుంటనే ఉన్నరు. ముసలోళ్ళు, హమాలీలు, మా అత్తగారి తరఫోళ్ళు. పెండ్లయినంక కొత్తల మా మామ గూడ పండుకున్నడు. కోడలు మామను తన్నొచ్చంట, గా ఒక్క పనికి తప్పు లేదంట.

అద్దం తలుపు తీసి డాక్టర్ బయటికొచ్చిండు. గిరిప్రసాద్ పేరు. కోస్తా దిక్కు మనిషి. తెల్లకోటు, చేతులు మోచేతుల దాక మడిచిండు, మంచి బలమున్న చేతులు. సాలమ్మత్త మాట విన్నట్టున్నడు, నవ్విండు.

"అయితే మీరూ మా వృత్తిలోనే ఉన్నారన్నమాట. రండమ్మా, పడుకోండి. పది నిమిషాల పని."

"మొదలు మాట్లాడుకుందాం సారు. తర్వాత పండుకునుడు."

"మాట్లాడేదేముందమ్మా? మీ ఎక్స్‌రే నేను చూశాను కదా. నిన్ననే మీ ఆయన తెచ్చారు. మీ నడుము పూసల్లో ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్య గ్యాప్ బాగా తగ్గింది. అందుకే ఐదు కిలోలకు మించి ఎత్తకూడదని లెటర్ కూడా రాసిచ్చాను."

నాకు ఒక్క నిమిషం సమజ్ గాలే. ఎక్స్‌రే మా బీరువల చీరల కింద ఉంటది. బాలరాజు దిక్కు తిరిగిన. ఆయన చేతిల ఆటో తాళంచెవి ఉన్నది, దాన్ని అంగికి తుడుస్తున్నడు.

"ఏ లెటర్ అయ్యా?"

తాళంచెవి తుడుసుడు ఇడువలే.

"ఏడున్నది గా లెటర్?"

"కంపెనీల ఇచ్చిన," అన్నడు. "పొద్దున. గేటు కాడ ఆఫీసుల."

నా కాళ్ళ కింది నేల కదిలిందని జెప్పను, గట్లేం గాలే. కోపమొచ్చింది. నాలుగు నెలలు పొద్దుగాల ఐదింటికి లేసి, సద్ది గట్టి, డ్యూటీ దిగినంక నాచారం కెల్లి మల్లాపూర్ దాక నడిసి పోయిన. ఇంట్ల అడిగితె ఓవర్‌టైం అని జెప్పిన. గా నాలుగు నెలలను గీ మనిషి ఒక్క కాయితం మీద కొట్టేసిండు.

"పోయినేడు మా లైన్ల ఇద్దరు గిసొంటి లెటర్లే ఇచ్చిన్రు," అన్న. "తేలిక పని ఇస్తరని ఇచ్చిన్రు. మర్నాడు గేటు కాడ బ్యాడ్జి గుంజుకున్నరు. నీకు జెప్పలేదా నేను?"

"కూసునే పని ఇస్తరనుకున్న," అన్నడు బాలరాజు. "స్టిక్కర్లు అంటిచ్చే పని. డాక్టర్ లెటర్ ఉంటె కూసోబెడతరని స్టాండుల అందరు అన్నరు."

"స్టాండుల ఆటోలు నడుపుతరు, కంపెనీలు గాదు."

అప్పుడు ఆయన గొంతు మారింది. "మా అవ్వ మక్కల బస్తా ఎత్తింది. నీకు తెల్సు. గా దినం మంచంల వడ్డది ఆరేండ్లు లేవలే. నేను ఎత్తి కూసోబెట్టిన, నేను ఎత్తి పండుకోబెట్టిన. మొన్న నువ్వు గా ఇనుము ఎత్తుతుంటె నాకు మా అవ్వనే కనవడ్డది. నౌకరి పోతె పోనీ. నువ్వు మంచంల వడితె నేను తట్టుకోలేను."

ఇగ ఏమంటరు? మనిషి భయంతోని జేసిండు, పగతోని గాదు. నాకు ఏడుపొచ్చింది, కోపం మాత్రం తగ్గలే. రెండూ ఒక్కసారే వస్తయ్ ఆడోళ్ళకు, ఒకదానికొకటి అడ్డం రావు.

డాక్టర్ దిక్కు తిరిగిన. "నన్ను జూడకుంట నా నడుము మీద లెటర్ ఎట్ల రాసిన్రు సారు?"

"ఎక్స్‌రే చూశానమ్మా."

"కంపెనీకి పోయేది ఎక్స్‌రేనా, నేనా? నేను వంగంగ జూసిన్రా? లేవంగ జూసిన్రా? ఏం ఎత్తుతనో అడిగిన్రా?"

"కోప్పడకండి. మీ మంచికే. నడుము నొప్పి ఉన్నవాళ్ళు బరువులెత్తడం ఏమిటమ్మా? ఎముక స్థానం తప్పినప్పుడు ముందు దాన్ని సరిచేయాలి. వారానికి రెండుసార్లు రండి, నేను సరిచేస్తాను. ఈ బల్ల మీద నుంచి లేచి హాయిగా నడిచి వెళ్ళినవాళ్ళు వందల మంది ఉన్నారు."

"ఉంటరు," అన్న. "నా కాలు కింద నుంచి లేసి నడిసి పోయినోళ్ళు గూడ ఉన్నరు. ఎందరో నేను లెక్కవెట్టలే."

అందరు నవ్విన్రు. నేను నవ్వలే. సాలమ్మత్త ముంగట పోయి నిలవడ్డ. గీ మాట ఏనాటికన్న చెప్పాలెననుకున్నదే, గని గింత మందిల జెప్తననుకోలే.

"అత్తా, నేను తన్నినంక నీ నొప్పి పోతది గద. ఎన్ని దినాలు?"

"పదిహేను దినాలు పోతది బిడ్డా. ఒక్కోసారి నెల."

"తర్వాత?"

"తర్వాత మళ్ళ నీ కాడికే వస్త."

"ఎప్పటి సంది?"

ఆమె ఆలోచన జేసింది. "మా చిన్నోని పెండ్లప్పటి సంది."

"చిన్నోని బిడ్డ ఇప్పుడు ఎన్నో తరగతి?"

"ఐదు."

"గంతే అత్తా. నా కాలుకు గంత మహిమ ఉంటె నువ్వు రెండోసారి ఎందుకొస్తవు? నొప్పి దానంతటదే తగ్గే దినాలుంటయ్. గా దినాలల్ల నేను తన్నిన. పేరు నా కాలుకు వచ్చింది. నాకు గా సంగతి శాన ఏండ్ల కిందనే తెల్సు. గల్లీల అందరు మల్లవ్వా మల్లవ్వా అని ఇజ్జత్ ఇస్తుంటె నోరు మూసుకున్న."

సాలమ్మత్త మొకం చిన్నగైంది. "మరి నాకు తేలికైంది అబద్ధమా?" అన్నది.

"అబద్ధం గాదు. అయింది. గని బాగు గాలే."

గీ మాటతోని నా ఇజ్జత్ సగం పోయింది. రేపు పొద్దున మా ఇంటి ముంగట ఎవలు బోర్ల పండుకోరు. పోనీ. అబద్ధం మీద నిలవడి ఎన్ని దినాలు తన్నుత మందిని.

గిరిప్రసాద్ ఇప్పుడు నవ్వుత లేడు. "తేలికవడం మాత్రం తక్కువా అమ్మా? రాత్రంతా నిద్ర లేనివాడు ఇక్కడికి వచ్చి, ఇంటికెళ్ళి పడుకుంటాడు. అది మీకు లెక్కలేదా?"

మనిషి నిజంగనే అడుగుతున్నడు. నిజంగనే జవాబు జెప్పిన. "ఉన్నది సారు. నొప్పితోని ఒచ్చినోనికి ఒక్క పూట తేలికైతె అది చిన్న సంగతి గాదు. మీరు తేలిక చెయ్యున్రి, మిమ్ముల ఎవలు వద్దన్నరు? గని తేలిక జేసి ఊకుంటలేరు. నీ ఎముక జరిగింది, నీ నడుము ఇరగడానికి తయారుగున్నది, నేను తప్ప నీకు దిక్కు లేదు అని భయం వెట్టి పంపుతున్నరు. గా భయానికి మనిషి చెంబు గూడ ఎత్తడు. ఎత్తకపోతె ఉన్న బలం గూడ పోతది. మీరు నాకు రాసిన లెటర్ గూడ గదే. నా చేతులు కట్టేసి నడుము కాపాడుతమన్నరు."

"అయితే బరువులెత్తితే బాగైపోయిందా మీకు?"

"నొప్పి మొత్తం పోయిందని జెప్పను, అబద్ధమైతది. చలికాలం పొద్దున ఇంకా నొస్తది. మూడో నెలల తొందరపడి ఎక్కువ ఎత్తిన, నాలుగు దినాలు లేవలే. మళ్ళ షెడ్డు మొకం జూడొద్దనుకున్న. మా ఆయన ఆటో మీద పోయినంక విజయశ్రీ మేడం ఇంటికొచ్చింది. ఆమె బంద్ జెయ్యమనలే, సగం ఇనుము తీసేసింది. మళ్ళ షురూ జెయ్యమన్నది. మొదలు చీపురు కట్టె వట్టుకొని వంగుడే నెల దినాలు నేర్పింది. తుంటి ఎనకకు పోవాలె, ఎన్ను సాఫ్‌గ ఉండాలె, ఊపిరి బిగవట్టాలె. తర్వాత బకెట్. తర్వాత వాళ్ళ నాయిన లేతు మిషన్ మీద కోసిన ఇనుప చక్రాలు. ఒక్కటన్న సరిసమానం బరువుండదు, సుద్దతోని రాసి పెడ్తది. ఒకప్పుడు నేను బియ్యం డబ్బా జరపలేకపోదును. ఇప్పుడు నొప్పి ఉన్నా నేను ఉన్న. అప్పుడు నొప్పి ఒక్కటే ఉండె."

"మాటలు బాగానే చెప్తున్నారు," అన్నడు. "రేపు ఏదైనా అయితే?"

"అయితె నాకే గద. మీ నడుము గాదు."

మూలకు పోయిన. నీళ్ళ క్యాన్లు మూడున్నయ్. మూత సీల్ తియ్యనిది ఒకటి జూసి పట్టుకొని, నేల మీద దొర్లిచ్చుకుంట అద్దం తలుపు లోపటికి తెచ్చిన. ఇరవై లీటర్లు. ఇరవై కిలోలు, క్యాన్ బరువు పైన. ఆయన బల్ల మోకాలుకు జానెడు మీద ఉంటది, మా కంపెనీ బల్లకు సరితూగుతది.

"మల్లవ్వా, వద్దే," అన్నడు బాలరాజు.

"నువ్వు నిలవడు. మొన్న సగమే జూసినవ్. ఇయ్యాల మొత్తం జూడు."

చెప్పులు ఇడిసిన. కాళ్ళు ఎడంగ పెట్టిన. తుంటి ఎనకకు తోసిన, క్యాన్‌ను పొట్టకు దగ్గరికి గుంజుకున్న, ఊపిరి పట్టి లేసిన. బల్ల మీద పెట్టిన. మళ్ళ దించిన.

"ఒకటి," అన్నది సాలమ్మత్త. మొకం ముడుసుకునే ఉన్నది, గని లెక్క మాత్రం ఇడువలే.

నాలుగు దాక కష్టం గాలే. క్యాన్‌కు చెమట చెయ్యి జారుతది, గదొక్కటే. ఐదోసారికి బయట కూసున్నోళ్ళు లేసి తలుపు కాడికొచ్చిన్రు. టీవీల ఎవనిదో మెడ టక్కుమన్నది, ఎవలు అటు జూడలే. ఏడోసారి ఎడమ దిక్కు నడుముల నొప్పి లేసింది. నాకు తెల్సిన నొప్పే. అది ఏడ షురూ అయితది, ఏడిదాక పోతది, నాకు మా గల్లీ లెక్క తెల్సు. ఆగిన. రెండు ఊపిర్లు తీసుకున్న. బాలరాజు చేతులు చాపిండు పట్టుకుందామని.

"ముట్టకు," అన్న.

ఎనిమిది. తొమ్మిది. పది.

పదోసారి క్యాన్ బల్ల మీదనే ఇడిసిపెట్టి, కొంగుతోని మొకం తుడుసుకున్న. కాళ్ళు వణుకుతున్నయ్, దాసేదేముంది. సాలమ్మత్త పది అని గట్టిగ అనలే, లోపటనే అనుకున్నది, పెదవులు కదిలినయ్. బాలరాజు గోడకు ఆనుకొని కింద కూసున్నడు. ఆయన కండ్లల్ల నీళ్ళు జూసి నేను మొకం తిప్పుకున్న. ఇప్పుడు జాలి పడితె పని చెడుతది.

"రాయున్రి సారు," అన్న. "మీ కండ్లతోని జూసిందే రాయున్రి. ఇరవై కిలోలు పదిసార్లు ఎత్తిందని."

ఆయన కుర్చీల కూసున్నడు. "నిన్న నేనే రాసినదాన్ని ఈరోజు నేనే తప్పంటే," అన్నడు మెల్లగ, "ఇక నా దగ్గరికి ఎవరొస్తారమ్మా?"

గా మాటల అబద్ధం లేదు. ఇంతకుముందు నేను సాలమ్మత్తతోని జెప్పంగ నాకు గూడ గదే భయముండె. అయినా జెప్పిన గద.

ఆయన కోసం ఆగలే. మా కంపెనీ సేఫ్టీ సారు ఉమామహేశ్వర్‌కు ఫోన్ గొట్టిన. శనివారం పరీక్ష పెట్టేది ఆయననే. అందరు ఇనాలెనని స్పీకర్ పెట్టిన.

"మల్లవ్వా, నేనే ఫోన్ చేద్దామనుకున్న," అన్నడు. "నీ లెటర్ వచ్చింది. శనివారం లిస్టుల నుంచి నీ పేరు తీసేసిన. సోమవారం వచ్చి బ్యాడ్జి అప్పజెప్పు."

"గా లెటర్ నేను ఇయ్యలే సారు. నన్ను జూడకుంట రాసిన్రు. ఇప్పుడే ఇరవై కిలోలు పదిసార్లు ఎత్తిన, ఎనిమిది మంది జూసిన్రు."

"నువ్వు ఎత్తుతవని నేను నమ్ముత. నా నమ్మకంతోని ఏమైతది? డాక్టర్ సంతకమున్న కాయితం ఫైలుల ఉన్నంక నిన్ను ఎట్ల ఎత్తనిస్త? ఏమన్నయితె నా నౌకరి పోతది. ఐదింటికి లిస్టు మేనేజర్ కాడికి పోతది. పోయినంక దేవుడొచ్చినా మారదు. గా లోపట రాసిన డాక్టరే వచ్చి నా ముంగట వాపస్ తీసుకుంటె తప్ప."

ఫోన్ పెట్టేసిండు. గోడ మీద గడియారం జూసిన. నాలుగు దాటి పది నిమిషాలు.

"ఆటో తియ్యి," అన్న బాలరాజుతోని.

"ఇంటికా?"

"కంపెనీకి. గీ డాక్టర్ రాకపోతె మానె. నేను గేటు ముంగట రోడ్డు మీద ఎత్తుత, షిఫ్టు దిగే వందల మంది జూస్తరు. అప్పుడు ఎవల పేరు ఏ లిస్టుల నుంచి తీస్తరో తీయనియ్యి."

బాలరాజు లేసిండు. తాళంచెవి తుడువలే ఈసారి, సక్కగ మెట్లు దిగిండు. నేను క్యాన్ ఎత్తుకొని ఎనక దిగిన. ఆటోల పెట్టి తిరిగి జూస్తె గిరిప్రసాద్ మెట్ల మీద ఉన్నడు. తెల్లకోటు తీసేసిండు. చంకల ఆయన పేరు అచ్చేసిన లెటర్ల పుస్తకం ఉన్నది. వచ్చి బాలరాజు పక్క సీటు మీద ఇరుకుగ కూసున్నడు. పైన కిటికీలకెల్లి ఆయన పేషెంట్లు జూస్తున్నరు.

"సారు," అన్న. "ఒక్కటి జెప్పున్రి. నా తరఫున వస్తున్నరా, మీ లెటర్ తరఫున వస్తున్నరా?"

ఆయన ఎనకకు తిరగలే.

"నాకింకా తెలీదమ్మా," అన్నడు. "బండి పోనివ్వండి."